పాతపట్నం తెలుపు

తెలుపు ఒక రంగని బళ్లో చెప్పారు. మా పంతులుగారు బోర్డు మీద సుద్దతో గీసి మరీ చూపించారు. పాపం, ఆయన జన్మలో ఫ్రిజ్ హ్యాండిల్ మార్చి ఉండరు. తెలుపు ఒక రంగు కాదు, ఉమ్మడి కుటుంబం. పాల తెలుపు, మీగడ తెలుపు, సున్నం తెలుపు, గుడ్డుపెంకు తెలుపు, దంతపు తెలుపు. విడివిడిగా చూస్తే అందరూ తెల్లవాళ్లే. ఒకళ్ల పక్కన ఒకళ్లని నిలబెట్టండి, ఎవరి బుద్ధి ఏమిటో అప్పుడు బయటపడుతుంది.

మా ఇంట్లో ఈ కుటుంబం ఫ్రిజ్ దగ్గర రోడ్డున పడింది. మా ఆవిడ కాపరానికొచ్చిన కొత్తలో కొన్న సింగిల్ డోరు ఫ్రిజ్ అది. నెత్తిమీద పూలపూల గుడ్డ, ఆ గుడ్డకి అటూ ఇటూ జేబులు, జేబుల్లో కరెంటు బిల్లులు, గ్యాస్ పుస్తకం, కాలు విరిగిన కళ్లజోడు. హ్యాండిల్‌కి అదే గుడ్డతో కుట్టిన గౌను. ఆమధ్య ఓ పెళ్లికొచ్చిన చుట్టాల గుంటడొకడు ఆ హ్యాండిల్ పట్టుకుని ఉయ్యాలూగాడు. చూస్తుండగానే గౌను వాడి చేతిలోకొచ్చింది, గౌనులో హ్యాండిల్ కూడా వచ్చింది. “ఏటీ అవలేదు, ఏటీ అవలేదు” అంటూ వాళ్లమ్మ వాణ్ని ఎత్తుకుంది. నిజమే, వాడికేటీ అవలేదు.

మెకానిక్ వచ్చాడు. “ఈ మోడలు ఆపేసి సానా కాలమైపోనాది బావూ. హ్యాండిల్ దొరకడమే మీ అదృష్టం. బూడిద రంగొక్కటే ఉంది” అని బిగించి వెళ్లిపోయాడు. హ్యాండిల్ గట్టిగానే ఉంది. ఇద్దరు గుంటలు ఒకేసారి ఊగినా తట్టుకుంటుంది. ఇబ్బందల్లా పరామర్శలే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మంచినీళ్లైనా పుచ్చుకోకముందే “ఏటి, ఫ్రిజ్‌కేటయింది?” అనడం. జరిగినదంతా చెప్పాలి. చెప్పాక వాళ్లింట్లో ఏది ఎప్పుడెలా విరిగిందో వినాలి.

“గౌను తొడిగేస్తే సరి కదండీ. పాతదీ గౌనులోనే కదా ఉండేది?” అంది మా ఆవిడ.

“లోపల బూడిద రంగుందని నాకు తెలుసు కదా.”

“మీకు తెలిసినవన్నీ బయటికి కనిపిస్తన్నాయేటి?”

ఈ వ్యవహారంలో ఇంతకన్నా తెలివైన మాట ఆ తర్వాత ఎవరూ అనలేదు. కాబట్టి ఇక్కడితో ఆపేస్తే న్యాయంగా ఉండేది. కానీ అప్పటికే బెంగుళూరు నుంచి మావాడు ఫోన్లో ఉపదేశం మొదలెట్టాడు. ప్లాస్టిక్కు మీద కూడా స్ప్రే పెయింట్ కొట్టుకోవచ్చట. మనకి కావలసిన రంగు చూపిస్తే సరిగ్గా అదే రంగు కలిపి, డబ్బాలో నింపి, చేతిలో పెడతారట. కార్ల రంగుల దుకాణాల్లో చేస్తారట. “నాన్నా, హ్యాండిల్ ఫ్రిజ్‌తోపాటే పుట్టిందంటే నమ్మాలి, అలా కుదురుతుంది” అన్నాడు. నా బలహీనత వాడికి తెలుసు.

ముందు మా ఊళ్లోనే చూశాను. పాతపట్నంలో స్ప్రే డబ్బాలకి గిరాకీ లేదనుకునేరు, బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే అంతా బంగారు రంగుకే. వినాయక చవితి మండపం స్తంభాలు, ఆర్కెస్ట్రా వాళ్ల స్టాండ్లు, కొత్తింటి గేటు మీద బల్లేల మొనలు, ఆటోకి ముందు నిలబెట్టే రెక్కల గుర్రం, అన్నిటికీ ఆ ఒక్క డబ్బాయే. తర్వాత వెండి రంగు, ఆపైన నలుపు, ఎరుపు. తెలుపు ఓ మూల దుమ్ము కొట్టుకుని ఉంది. “తెలుపులో రకాలేటి బావూ? తెలుపంటే తెలుపే” అన్నాడు కొట్టాయన. డబ్బా మూతని చూపించి, రంగు సరిగ్గా ఇదేనన్నాడు. మూత ప్లాస్టిక్కు, లోపలున్నది రంగు, రెండిటికీ చుట్టరికం లేదు. అట్టముక్క మీద కొట్టి, ఇంటికి తెచ్చి ఫ్రిజ్ తలుపుకి ఆనించాను. అట్టముక్క ఎన్నికల ముందు రోజు చొక్కాలా తళతళలాడింది. దాని పక్కన ఫ్రిజ్‌కి పచ్చకామెర్లు వచ్చినట్టు తెలిసిపోయింది. అప్పటిదాకా మా ఫ్రిజ్ తెల్లదనే అనుకుంటూ ఉన్నాం.

సరే, ఫ్రిజ్ ఏ రంగో తేల్చుకోవాలని దగ్గరికెళ్లి చూస్తే ఒక రంగు లేదు. నెత్తిమీద, గుడ్డ కింద, తలుపు బిజాగిరీని కప్పే చిన్న ప్లాస్టిక్ మూత ఉంది. ఎండా పొగా తగలక కొన్ననాటి రంగులోనే ఉంది. కిటికీ వైపు అంచు అటుకులంత పసుపు. పొయ్యి వైపు పోపుల పొగ పట్టి, అదో మోస్తరు తెలుపు. ఇలా పచ్చబడడానికి కారణం కూడా తెలుసుకున్నాను. ఇలాంటి సామాన్ల భాగాలు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్కుతో చేస్తారు. అందులో బ్యుటాడీన్‌తో చేసిన రబ్బరు కొంత ఉంటుంది. దెబ్బ తగిలితే పగలకుండా కాపాడేది అదే, వెలుతురు తగిలితే ముందుగా పచ్చబడేదీ అదే. ఇంటిల్లిపాదినీ కాచుకొచ్చిన మనిషే ముందు ముసలివాడైనట్టన్న మాట. మా అప్ప ఈ శాస్త్రమంతా విని, “ముందు సబ్బెట్టి తోమండిరా, ఏ రంగో అప్పుడు తెలుస్తాది” అంది. తోమాం. ఇంకో తెలుపు బయటపడింది.

ఇన్ని తెలుపుల్లో దేనికి జోడు కుదర్చాలి? ఇక్కడ పగ్గాలు మా ఆవిడ తీసుకుంది. “హ్యాండిల్ ఉండేది తలుపు మధ్యన కదా, తలుపు మధ్యన ఉన్న రంగే కావాలి. తలుపు ఊడదీసి పట్టుకెళ్లలేం కదా. ఆ బిజాగిరీ మూత ఇలా ఇవ్వండి” అంది. మూత సంచిలో వేసుకుని ఎక్కడికి వెళ్లిందనుకున్నారు? పర్లాకిమిడి, మ్యాచింగ్ సెంటరుకి.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. పాతపట్నం ఆంధ్రాలో ఉంది, పక్కనే పర్లాకిమిడి ఒడిశాలో ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, మేం మద్రాసు వైపు మిగిలిపోయాం. రాష్ట్రాలు విడగొట్టే పెద్దమనుషులు కొండలు చూస్తారు, నదులు చూస్తారు, భాషలు చూస్తారు. జాకెట్టు ముక్కలు ఎక్కడ బాగా దొరుకుతాయో చూడరు. మా ఆడవాళ్లు ఆ హద్దుని ఏనాడూ లెక్కచెయ్యలేదు. కొట్టువాళ్లూ లెక్కచెయ్యరు. తెలుగులో బేరం మొదలెడితే తెలుగులోనే ముగిస్తారు, మధ్యలో పనికుర్రాణ్ని మాత్రం ఒడియాలో తిడతారు.

రంగు కలపడమనే విద్య కంప్యూటర్లతో వచ్చిందనుకునేవాళ్లు ఒక్కసారి మ్యాచింగ్ సెంటరు గుమ్మం ఎక్కాలి. గోడ నిండా, నేల నుంచి పైకప్పు దాకా టూ బై టూ ముక్కలు. ఉల్లిపొర రంగు, కనకాంబరం, ముక్కుపొడుం రంగు, వంకాయ రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, రాణీ కలరు, ఆనందా బ్లూ. ఏ కంపెనీ షేడు కార్డులోనూ లేనంత వివరం. చీర కొంగు చూడగానే ఆ కొట్టాయన చెయ్యి తనంతట తనే ఒక అర మీదికి పోతుంది. తప్పిందా, పక్క అర. మూడో అర దాకా వెళ్తే ఆయనకి నామర్దా.

మా ఆవిడ బిజాగిరీ మూత తీసి బల్ల మీద పెట్టింది. “దీనికన్నా ఓ పిసరు పసుపు. ఎరుపు కొట్టకూడదు. మరీ మీగడలోకీ పోకూడదు.” ఇదేమిటని ఆయన అడగలేదు. ఏ యంత్రానిదని అడగలేదు. మూతని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నాలుగు ముక్కలు లాగి, అన్నీ పట్టుకుని వీధిలోకి నడిచాడు. ట్యూబులైటు కింద రంగు చూసే మ్యాచింగు మ్యాచింగే కాదు. ఎండలో ఒక్కో ముక్కా మూత పక్కన పరిచి, ఒకదాని దగ్గర ఆగి, మా ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ తలూపింది. లోపలికొచ్చి కత్తెర తీస్తూ ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

“ఫాల్ కూడా కావాలా అమ్మా?”

ఆయన ఎందుకు వీధిలోకి వెళ్లాడో తర్వాత చదివితే అర్థమైంది. రెండు వస్తువులు ఒక దీపం కింద ఒకే రంగులో కనిపించి, ఇంకో దీపం కింద వేరైపోవచ్చు. దీనికి శాస్త్రజ్ఞులు మెటామెరిజం అని పేరు పెట్టారు. రంగు వస్తువులో ఒక్కచోటే ఉండదు. దాని మీద పడే వెలుతురూ, చూసే కన్నూ కలిస్తేనే రంగు. అన్ని దీపాల కిందా కలిసి ఉండాలంటే రెండిట్లోనూ కలిపిన పొడులు ఇంచుమించు ఒకటే అయి ఉండాలి. ఈ దీపాల గొడవ తట్టుకోలేక 1931లో ప్రపంచ దేశాల నిపుణులు కూర్చుని, వెలుతురు ఇలా ఉండాలి, చూసేవాడి కన్ను ఇలా ఉండాలి అని ప్రమాణాలు రాసుకున్నారు. రెండు రంగుల మధ్య తేడాకి డెల్టా ఇ అని ఒక అంకె ఉంది. అది ఒకటికి దిగితే మామూలు కంటికి తేడా తెలియడం కష్టమంటారు. ఈ మాట రాసినవాళ్లు పెళ్లికి చీర తీసే ఇంట్లో కూర్చుని రాయలేదు.

జాకెట్టు ముక్క, బిజాగిరీ మూత, బూడిద రంగు హ్యాండిల్. మూడూ పట్టుకుని గుణుపురం పాసింజరులో విశాఖపట్నం బయల్దేరాను. ఈ లైనుకీ ఒక వైభవం ఉంది. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరికి రెండున్నర అడుగుల బుల్లి పట్టాలు వేయించారు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. 2004లో బుల్లి బండిని ఆపేసి బ్రాడ్‌గేజీ వేశారు. బండి పెద్దదైంది కానీ ప్రయాణికుల కుతూహలం బుల్లి బండి నాటిదే. కాగితం చుట్టిన హ్యాండిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎదురు బల్ల మీద తాతగారొకాయన టెక్కలి దాటేదాకా ఓపిక పట్టి, “కత్తేటి బావూ?” అన్నాడు. కాదు, ఫ్రిజ్ హ్యాండిల్ అన్నాను. “మరి ఫ్రిజ్జేది?” అన్నాడు. ఇంట్లో ఉందన్నాను. ఆయన కాళ్లు కొంచెం పక్కకి జరుపుకున్నాడు.

కార్ల రంగుల దుకాణంలో కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. “ఏ బండి సార్?”

“ఫ్రిజ్.”

“మోడలు?”

“సింగిల్ డోరు.”

అతనికి తలుపులు లెక్కపెట్టడం అలవాటే కాబట్టి టైపు చేసేశాడు. ఏ సంవత్సరమో, సాలిడో మెటాలిక్కో అడిగాడు. తర్వాత తల ఎత్తి, “బండి ఎక్కడుంది సార్, బయటుందా?” అన్నాడు. సంచిలోంచి మూత తీసి చూపించాను. అతనికి నవ్వు రాలేదు. కారు డ్యాష్‌బోర్డు ముక్కలు, బైకు సైడు డొక్కులు, ఒకసారెవరో హార్మోనియం మెట్టు కూడా తెచ్చారట. చిన్న వస్తువుల పిచ్చి నా ఒక్కడిదే కాదని ధైర్యం వచ్చింది.

అరచేతిలో పట్టే యంత్రాన్ని మూత మీద బోర్లించి మీట నొక్కాడు. అది తన దీపం తనే వేసుకుని, ఏ రంగు వెలుతురు ఎంత వెనక్కొచ్చిందో కొలుచుకుంది. తెర మీద గ్రాముల లెక్క వచ్చింది. తెలుపు ఇంత, పసుపు ఆక్సైడు ఇంత, నలుపు ఇంత, ఎరుపు ఒక చుక్క. “తెలుపులో నలుపేమిటయ్యా?” అన్నాను. “నలుపు లేకపోతే అది కళ్లలో పొడుస్తాది సార్” అన్నాడు. కానీ యంత్రం చదివింది మూత రంగు. మాకు కావలసింది తలుపు రంగు. జాకెట్టు ముక్క తీశాను. యంత్రాన్ని దాని మీద బోర్లిస్తే, ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పింది. బట్ట నేతలో సందులుంటాయి, యంత్రానికి నున్నటి గట్టి చదును కావాలి. కుర్రాడు చేతులెత్తేసి లోపల్నించి మేస్త్రీని పిలిచాడు.

మేస్త్రీ లుంగీ మీద అన్ని కార్ల చరిత్రా ఉంది. జాకెట్టు ముక్క చూశాడు. “మీ ఇంట్లో అమ్మగారు తీసినారా?” అన్నాడు. అవునన్నాను. “అయితే ఇదే కరెస్టు” అని యంత్రాన్ని పక్కకి నెట్టాడు. కలిపిన రంగులో వేలు ముంచి, అట్ట మీద రాసి, వేడిగాలి పెట్టి ఆరబెట్టి, మ్యాచింగ్ సెంటరాయన నడిచినట్టే వీధిలోకి నడిచాడు. తడి రంగు ఒకటి, ఆరిన రంగు ఒకటి, అందుకని ఆరబెట్టకుండా తీర్పు చెప్పకూడదట. లోపలికొచ్చి పుల్ల చివర పసుపు, మళ్లీ వీధి. మళ్లీ లోపలికొచ్చి నలుపు, అదీ పుల్లకి అంటీ అంటనంత. మళ్లీ వీధి. ఈసారి అట్ట మీద జాకెట్టు ముక్క పరిస్తే, ముక్క ఎక్కడ అయిపోయి అట్ట ఎక్కడ మొదలైందో అంచు తడిమి చూసుకోవలసి వచ్చింది.

లెక్కని కంప్యూటర్లో దాచాలంటే పేరు పెట్టాలట. పేరు లేకపోతే అది ఒప్పుకోదు. మీ ఊరేదన్నాడు కుర్రాడు. చెప్పాను. ‘పాతపట్నం వైట్’ అని కొట్టి ఎంటర్ నొక్కేశాడు. పెద్ద పెద్ద కార్ల కంపెనీల తెలుపుల మధ్య మా ఊరు వెళ్లి కూర్చుంది.

డబ్బా నింపడం చూడవలసిన వేడుక. ఖాళీ డబ్బా అంటారు గానీ ఖాళీ కాదు. ఒత్తిడి కింద ద్రవంగా మారిన గ్యాసు ముందే అందులో ఉంటుంది, కదిపితే గలగలమనే గోళీ ఉంటుంది. కలిపిన రంగుని ఒక ప్రెస్సులో పోసి, డబ్బా నోట్లోంచే లోపలికి గట్టిగా తోస్తారు. మనం మీట నొక్కితే అదే దారిన గ్యాసు దాన్ని బయటికి తోస్తుంది. ఈ పనిముట్టు మూలం నార్వేలో. ఎరిక్ రోథైమ్ అనే ఆయన 1920ల్లో కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం దోమల మందు చల్లుకోవడానికి ఇలాంటి డబ్బాలు లక్షల్లో వాడింది. రంగుల వ్యాపారి ఎడ్వర్డ్ సేమూర్ 1949లో అల్యూమినియం రంగుని ఇందులో నింపాడు. ఇంట్లో చలి కాచుకునే ఇనప రేడియేటర్లకి వేసి చూపించడానికి. డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చింది ఆయన భార్య అని చెబుతారు. నేను ఆ ఒక్క సంగతి ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

రంగులకి ఇంతకు ముందో పెద్ద మలుపు ఉంది. ఫోర్డు కంపెనీ 1914 నుంచి 1925 దాకా తన మోడల్ టీ కారుని నల్ల రంగులో తప్ప అమ్మలేదు. త్వరగా ఆరేదీ గట్టిగా నిలిచేదీ ఆ నలుపే. 1920ల్లో డ్యూపాంట్ వాళ్లు డ్యూకో అనే లాకరు తెచ్చాక కార్లకి త్వరగా ఆరే నీలమూ ఆకుపచ్చా వచ్చాయి. ఇప్పటికీ మన వడ్రంగి కుర్చీకి “డ్యూకో కొట్టించమంటారా?” అని అడిగేది ఆ లాకరు పేరే. అది ఏ దేశపు మాటో అతనికి అక్కర్లేదు, మెరిస్తే చాలు.

డబ్బా చేతికొచ్చాక అసలు చిక్కు వచ్చింది. రైల్లో అంటుకునే వస్తువులు తీసుకెళ్లకూడదు. డబ్బాలో ఉన్నది అచ్చంగా అదే. అదృష్టం కొద్దీ మా బావమరిది భార్యతో సహా మా ఊరి నీలమణి దుర్గ అమ్మవారి దర్శనానికి కార్లో వస్తున్నాడు. డబ్బా వాళ్లకప్పగించాను. దాని మీద యాభై డిగ్రీలు దాటనివ్వకూడదని రాసి ఉంది. వేసవిలో మూసిన కారు ఆ లెక్క ఇట్టే దాటేస్తుంది. మా బావమరిది నియమం తప్పని మనిషి. డబ్బాని ముందు సీట్లో, ఏసీ గాలి నేరుగా తగిలేచోట కూర్చోబెట్టాడు. భార్యని వెనక సీటుకి పంపాడు. నరసన్నపేటలో టీకి ఆగినప్పుడు డబ్బా కోసం ఏసీ ఆన్‌లో ఉంచి, టీ గ్లాసు ఆవిడకి కిటికీలోంచి అందించాడట. అమ్మవారి గుళ్లో ఆవిడ ఏం మొక్కుకుందో నాకు తెలియదు గానీ, ఆ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాతో “బాగున్నారా అన్నయ్యగారూ” అని మాత్రం అంటుంది, అంతకన్నా మాట ముందుకి పోదు.

ఇక రంగు కొట్టడం. స్ప్రే అంటే మీట నొక్కడమే అనుకుంటారు. నొక్కడం ఆఖరి పని. ముందు సబ్బు నీళ్లతో కడిగి జిడ్డు వదలగొట్టాలి. సన్నటి ఉప్పుకాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. ప్లాస్టిక్కు ప్రైమరు వేసి ఆరనివ్వాలి. అప్పుడు డబ్బాని గోళీ గలగలమంటూ కాసేపు ఊపి, జానెడు దూరం నుంచి, వస్తువు పక్కన గాల్లో మొదలెట్టి, వస్తువు మీదుగా లాక్కుపోయి, అవతల గాల్లో ఆపాలి. వస్తువు మీదే మొదలెడితే అక్కడ ముద్దకట్టి కారుతుంది. మొదటి పూత వేశాక వెనకున్న బూడిద రంగు కనిపిస్తూనే ఉండాలి. ఇక్కడే మగబుద్ధి ఆగదు, ఇంకొంచెం కొడదామంటుంది. మా ఆవిడ పక్కనే నిలబడి “ఆరనివ్వండి” అనబట్టి ఆగింది.

గాల్లో తేమ ఉన్న రోజు కొట్టకూడదు. థిన్నరు ఎగిరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాల్లో నీరు దాని మీద వాలి రంగుని పాలిపోయేలా చేస్తుంది. మా ప్రాంతంలో తేమ లేని రోజు కోసం చూడడమంటే పంచాంగంలో ముహూర్తం చూడడమే. అదీ కుదిరింది. హ్యాండిల్‌ని తీగకి కట్టి, యాపిల్ పండ్ల అట్టపెట్టెలో వేలాడదీసి, డాబా ఎక్కాను. పక్కింటి పిన్నిగారు ఆవేళే గుమ్మడి వడియాలు పెట్టారు. గాలి మహేంద్రతనయ నది వైపు నుంచి వీస్తోందని చూసుకునే మొదలెట్టాను. గాలికి రాష్ట్రాల హద్దు పట్టదు, డాబాల హద్దు మాత్రం పడుతుందా? పిన్నిగారు వడియం ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూసి, “మా వడియాలు ముందే తెల్లన బావూ, నీ సాయం అక్కర్నేదు” అని చేట ఎత్తుకుని దిగిపోయారు.

ఆఖరి పూత అద్దంలా వచ్చింది. దాని మీద ఒక దోమ వాలింది. తీద్దామని వేలు పెట్టబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. తడి మీద తాకితే వేలిముద్ర పడుతుంది, ఆరాక రుద్దుకోవచ్చు. దోమల మందుకి వాడిన డబ్బాల వంశం కదా, మా డబ్బా కులధర్మం పాటించింది. రుద్దితే శరీరం పోయింది. దగ్గరగా చూస్తే ఒక కాలు ఇప్పటికీ ఉంది.

బిగించాక మా ఆవిడ జాకెట్టు ముక్క పట్టుకొచ్చింది. పొద్దుట చూసింది, మిట్టమధ్యాహ్నం చూసింది, సాయంత్రం ట్యూబులైటు వేసి చూసింది. “పర్వాలేదు” అంది. ఆవిడ నోట ఆ మాట మా పెళ్లిచూపుల తర్వాత వినడం ఇదే. వెంటనే గౌను తెచ్చి తొడిగేసింది. ఇదేమిటే అంటే, “ఇంత కష్టపడి వేశారు కదా, చేతులు తగిల్తే పోదూ?” అంది. అంచేత ఆ హ్యాండిల్ ఏ రంగులో ఉందో ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లెవరికీ తెలియదు. ఎవరూ అడగరు కూడా. నాకు తెలుసు.

డబ్బాలో ఇంకా సగం మిగిలింది. మిగిలిన స్ప్రే డబ్బా ఉన్న ఇంట్లో ఏ చిన్న వస్తువూ నిర్భయంగా ఉండలేదు. ఫ్యాను రెగ్యులేటరు మర, టీవీ వెనక మూత, కాలింగ్ బెల్లు, బీరువా హ్యాండిల్, అన్నీ పాతపట్నం తెలుపులోకి వచ్చాయి. సబ్బుపెట్టె మాత్రం లొంగలేదు. అది పాలీప్రొపిలీన్ జాతి, బకెట్లూ కుర్చీలూ చేసేది. ప్రత్యేకమైన ప్రైమరు లేకుండా రంగుని ఒంటికి పట్టనివ్వదు. మూడో స్నానానికి పొర మొత్తం పాము కుబుసంలా ఊడి మా అప్ప చేతికొచ్చింది. ఆ సాయంత్రం నుంచి డబ్బా కనిపించడం లేదు. బియ్యం డ్రమ్ము వెనక గలగలమని వినిపిస్తే విననట్టే ఉంటున్నాను.

ఇక జాకెట్టు ముక్క. మంచి టూ బై టూ, పారేస్తామా? కుట్టించేసింది. కుట్టించాక దాని మీదికి చీర లేదు. చీరలు బోలెడు ఉన్నాయి, ఆ రంగుకి సరిపోయేది లేదు. కౌపీన సంరక్షణార్థం సంసారం పెట్టిన సన్యాసి కథ చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం, వినడం వేరు. పర్లాకిమిడి వెళ్లి చీర కొన్నాం. హ్యాండిల్ ఖరీదు, రైలు ఖర్చు, డబ్బా ఖరీదు, చీర ఖరీదు కలిపితే ఎంతయిందని మావాడు ఫోన్లో అడిగాడు. సిగ్నలు లేదని పెట్టేశాను.

ఈమధ్య విశాఖపట్నం నుంచి ఆ దుకాణం కుర్రాడు ఫోన్ చేశాడు. ఎవరో పెద్దాయన అంబాసిడర్ తెచ్చాడట. 2014లో ఆ కారు తయారవడమే ఆగిపోయింది, ఈయన మాత్రం దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు. తలుపు ఒకటి గీసుకుపోతే రంగు వేయించాలట. కంప్యూటర్లో అంబాసిడర్ తెలుపులన్నీ చూపించినా, “ఇది కొత్త కారు రంగయ్యా, నా కారు రంగు చూపించు” అని కూర్చున్నాడట.

“విసిగిపోయి మీ పాతపట్నం వైట్ చూపించాను సార్. ఇదే, ఇదే అంటున్నాడు. తలుపొక్కటే కాదట, బండి మొత్తం కొట్టీమంటున్నాడు. కొట్టీమంటారా?”

నాదేం పోయింది, కొట్టెయ్యమన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

“ఫాల్ కూడా కావాలేమో కనుక్కోండి!”